కోయని పూల పెళ్లి

జెన్షియన్ పువ్వును చూడాలంటే మోకాళ్ల మీదికి దిగాలి. నిలబడి చూసేవాళ్లకు అది దొరకదు. ఐర్లండ్ పడమటి అంచున, క్లేర్ కౌంటీలో, బర్రెన్ అనే రాతిసీమ ఉంది. కొండ కొండంతా బూడిదరంగు సున్నపురాయి. కాలు పెట్టినచోటల్లా బండ, బండకూ బండకూ నడుమ లోతైన సందు. ఏప్రిల్ నెలాఖరున ఆ బండల అంచుల్లో, పొట్టి పచ్చికలో, బొటనవేలి గోరంత పువ్వొకటి విచ్చుకుంటుంది. అయిదు రేకులు, నడిమధ్య ఓ తెల్లని చుక్క, అంతే. కానీ ఆ నీలం! ఆ నీలానికి అడుగు లేదు. చూపు అందులో పడిందంటే మళ్లీ పైకి తేలడానికి కాసేపు పడుతుంది. ఆల్ప్స్ కొండల చలిని ఓర్చే ఈ మొక్క, మధ్యధరా తీరాల వెచ్చదనం ఎరిగిన ఆర్కిడ్ పక్కన, అట్లాంటిక్ గాలి తగిలే నేల మీద కుదురుగా కూర్చుని పూస్తుంది. మంచుకూ ఎండకూ పుట్టిన పూలు ఒకే బండ మీద కలిసి బతికే చోటు! పెళ్లి అనే మాటకు ఇంతకంటే మంచి వేదిక ఎక్కడ వెతకను?

దూరదేశంలో పెళ్లి చేసుకోవాలని ముచ్చటపడే జంటలకు ఐర్లండ్ అనగానే కోటలు గుర్తొస్తాయి. సరస్సు ఒడ్డున తలెత్తిన కైల్‌మోర్ సౌధం, కాంగ్ ఊరి దగ్గర ఆష్‌ఫర్డ్ కోట, వాటి పచ్చిక మైదానాలు, ఐవీ తీగలు అల్లుకున్న బురుజులు. అవీ అందమే, సందేహం లేదు. కానీ వసంతాన్నే పెళ్లిపెద్దగా పిలవాలనుకుంటే మాత్రం నా మనసు ఈ రాళ్ల దగ్గరే ఆగిపోతుంది. రండి, ఆ పెళ్లిని ఇక్కడే, ఈ బండల మీదే, ఒక్కొక్క రంగూ ఒక్కొక్క ధ్వనీ పేర్చుకుంటూ ఊహించుకుందాం.

రూపకల్పన చేసేవాళ్లకు మొదటి పాఠం పూల దగ్గరే ఎదురవుతుంది. ఈ సీమ వసంతంలో నా కంటికి మహారాణులు ఇద్దరు. ఒకరు జెన్షియన్. బర్రెన్‌లో పూలు కోయకూడదన్నది అక్కడివాళ్లు ప్రాణంలా కాపాడుకునే కట్టుబాటు. రెండోవారు హాథార్న్, ముళ్ల చెట్టు. మే నెల గుమ్మంలో అడుగు పెడుతుండగా దాని కొమ్మలు తెల్లబారడం మొదలుపెడతాయి. చూస్తుండగానే ముల్లు కనపడనంతగా పువ్వు కమ్ముకుంటుంది. కానీ ఆ కొమ్మను ఇంట్లోకి తెస్తే అరిష్టమని ఐరిష్ పల్లెల్లో తరతరాల నమ్మకం. పొలం నడుమ ఒంటరిగా నిలిచిన హాథార్న్ జోలికైతే అసలే పోరు. ‘మంచివాళ్లు’ అని భయభక్తులతో పిలుచుకునే అదృశ్యజాతికి అది నెలవు. ఇదే క్లేర్ కౌంటీలో, లటూన్ దగ్గర, 1999లో కొత్త రహదారికి అలాంటి చెట్టొకటి అడ్డొస్తే, ఎడ్డీ లెనిహాన్ అనే కథకుడు దాని తరఫున గొంతెత్తాడు. రోడ్డు వచ్చింది, చెట్టూ మిగిలింది.

ఒక పువ్వును మర్యాద కోయనివ్వదు. ఒక పువ్వును భయం గడప దాటనివ్వదు. మరి పెళ్లికి పూలెలా వస్తాయి? రావు. పెళ్లే పూల దగ్గరికి నడిచిపోవాలి! ఎంత అందమైన నిర్బంధం! ఈ నేల అలంకారశాస్త్రమంతా ఇందులోనే ఉంది. పువ్వును కాడకు వదిలిపెట్టాలి. రాతిని కొండకు వదిలిపెట్టాలి. కళ ఉన్నది తేవడంలో కాదు, వదలడంలో.

ఇక్కడి గోడలు చూడండి. సున్నం లేదు, మట్టి లేదు. రాతి మీద రాయి, అంతే. రాళ్ల మధ్య ఉంచిన కంతల్లోంచి అవతలి ఆకాశం తొంగిచూస్తుంది. గాలికి దారి ఇచ్చింది కనుకనే గోడ గాలివానకు నిలిచింది. పూల సంగతీ అంతే. ఇక్కడి రైతులు పశువులను చలికాలంలో కొండెక్కిస్తారు. వేసవి వేడిని దాచుకున్న సున్నపురాయి చలికాలంలోనూ ఆరిన నేలనిస్తుంది. పశువులు శీతాకాలమంతా ముదురు గడ్డిని మేసి, వసంతం ముగిసే వేళకు కిందికి దిగివస్తాయి. అవి వదిలి వచ్చిన ఖాళీలోకి వెలుతురు దిగుతుంది. వెలుతురు వెంట పువ్వు లేస్తుంది. మనం చూసి మురిసిపోయే ఆ పూలతివాచీ వెనక ఉన్నది ఎన్నో తరాల గొడ్లకాపరి వివేకం!

ఇక ముహూర్తం. నన్నడిగితే ఏప్రిల్ 30. పాత ఐరిష్ లెక్కలో వసంతం ఫిబ్రవరి 1న, సెయింట్ బ్రిజిడ్ పండుగతో మొదలై, మే 1న బ్యాల్తిన పండుగ రాగానే వేసవికి చోటిస్తుంది. అంటే ఏప్రిల్ 30 వసంతానికి చివరి రోజు. ఋతువు నిండుగా పండి, ఇంకా తొణకని రోజు. అంతేకాదు. ఒకప్పుడు కాథలిక్ ఐర్లండ్‌లో లెంట్ ఉపవాస దినాల్లో పెళ్లిళ్లు లేవు. అందుకే లెంట్‌కు ముందు రోజులు పెళ్లిళ్లతో హోరెత్తేవి. అప్పటికీ ఒంటరిగా మిగిలినవాళ్ల వీపు మీద లెంట్ తొలి ఆదివారం నాడు సుద్దముక్కతో గీతలు గీసి ఆటపట్టించేవారు. ఇక మే నెల పెళ్లికి అచ్చిరాదని మరో నమ్మకం. లెంట్ ఈస్టర్‌తో ముగుస్తుంది. ఆ ఈస్టర్ ఎంత ఆలస్యంగా వచ్చినా ఏప్రిల్ 25 దాటదు. ఉపవాసం ముగిశాక, మే తలుపు తట్టకముందు, కాలం కొన్ని రోజుల సందును వదిలింది. బండల నడుమ జెన్షియన్‌కు దొరికినట్టే, క్యాలెండర్ బండల నడుమ పెళ్లికి దొరికిన చోటు అది! మనకూ ఆ రోజులు చైత్రవైశాఖాల కూడలి. డబ్లిన్‌లోనో గాల్వేలోనో కొలువులు చేసుకుంటున్న తెలుగు పిల్లలు అక్కడే పెళ్లాడదలిస్తే పంచాంగమూ పెద్దగా అడ్డుచెప్పదు.

చోటు కార్కమ్రో. గాల్వే అఖాతానికి దగ్గరలో, కొండల ఒడిలో, పదమూడవ శతాబ్దం నాటి సిస్టర్షియన్ మఠం. నడిశాలకు కప్పు ఏనాడో పోయింది. గోడలు, కమానులు, తూర్పు గదిపై రాతి పందిరి మిగిలాయి. ఈ మఠానికి మునులు పెట్టుకున్న లాటిన్ పేరుకు అర్థం ‘ఫలవంతమైన శిల మీది మేరీమాత’ అని. రాయి ఫలిస్తుందని ఆ పేరు పెట్టినవాడు ఎంతటి రసికుడో! లోపల స్తంభాల తలల మీద చూడండి: పూలు. వాటిలో గసగసాల కాయలను గుర్తుపట్టినవాళ్లూ ఉన్నారు. బయట కొండ మీద కోయరాని పూలు, లోపల వాడిపోని పూలు. శిల్పి ఉలికి తెలిసిన వసంతం, ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గోడల మీద పూస్తూనే ఉంది!

ఇదే కార్కమ్రోను ఐరిష్ కవి యేట్స్ తన నాటిక ‘ద డ్రీమింగ్ ఆఫ్ ద బోన్స్’కు రంగస్థలం చేసుకున్నాడు. అందులో దైర్మిడ్, డెర్వొర్గిల్లాల ప్రేతాత్మలు శాపవశాన పెదవి కలపలేక శతాబ్దాలుగా ఇక్కడే తిరుగుతుంటాయి. కలవలేని జంట కథ నడిచిన కొండల్లోనే ఒక జంట చేయి చేయి కలిపితే, ఆ రాళ్లకు ఎంత ఊరటో అనిపిస్తుంది నాకు. ఈ మఠం ప్రభుత్వ సంరక్షణలోని కట్టడం, పైగా సమాధుల చోటు. కనుక అడిగి అడుగు పెట్టాలి, మెత్తగా పెట్టాలి. పెళ్లితంతు గోడ బయటి పచ్చిక మీద, అతిథులకు వట్టి చెక్కబల్లలు, వాటిపై తెల్లని ఐరిష్ నారవస్త్రం. పందిరి లేదు, తోరణం లేదు, గులాబీల గోడ లేదు. తంతు ముగిశాక వధూవరులిద్దరే లోపలికి నడిచి ఆ రాతిపూల కింద కాసేపు నిలబడి రావాలి. ఆ కాసేపూ ఛాయాచిత్రకారుడు కూడా బయటే ఉండాలి.

వధువు మీద జరీ జిగేలు వద్దు, లేసు ఉండాలి. అదీ కారిక్‌మక్రాస్ లేసు. సన్నని వల మీద పల్చని మస్లిన్ పరిచి, నమూనా చుట్టూ దారం పోసి, మిగతా మస్లిన్‌ను కత్తెరతో తొలగిస్తారు. తీసేసినచోట గాలి మిగులుతుంది; ఉంచినచోట పువ్వు మిగులుతుంది. బర్రెన్ గోడ కట్టినవాడి మనసూ, ఈ దారం పోసిన చెల్లెలి మనసూ ఒకటే! 1820ల నుంచి మొనహన్ కౌంటీలో పెరిగిన ఈ కళ, 1840ల మహాకరువు తర్వాత ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది. అదే కరువు కాలంలో క్రోషే లేసు కూడా ఐరిష్ ఆడవాళ్ల వేళ్లకు కూడు తెచ్చింది. మన నరసాపురం ప్రాంతపు స్త్రీల చేతికి మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో చేరినదీ ఆ క్రోషే సూదే. వధువు తెలుగమ్మాయి అయితే తెల్లచీరకు నరసాపురం లేసు అంచు వేసుకోనివ్వండి: గోదావరి తీరం, అట్లాంటిక్ తీరం ఒకే దారపు కొనతో కలుస్తాయి. చీర లోపలి అంచున, నడిచినప్పుడు మాత్రమే తళుక్కుమనేలా, ఒక్క వరుస జెన్షియన్ నీలం పట్టుదారం. కోయని పువ్వు ఆమె అడుగులో పూస్తుంది!

వరుడికి డొనెగల్ ట్వీడ్. దూరం నుంచి బూడిదరంగే; దగ్గరికి వస్తే గోర్స్ అనే ముళ్లపొద పూల పసుపు, నాచు పచ్చ, నేరేడు ఊదా చిన్న చిన్న నూలుముడుల్లా ఆ నేతలో మెరుస్తాయి. బర్రెన్ కొండ ఎలా తన రంగులను దగ్గరికొచ్చినవాళ్లకే చూపిస్తుందో ఈ బట్టా అలాగే. వేళ్లకు క్లాడా ఉంగరాలు: రెండు చేతులు, అవి పట్టుకున్న హృదయం, దాని మీద కిరీటం. స్నేహం, ప్రేమ, నిష్ఠ. ఆ పేరిచ్చిన క్లాడా, ఒకప్పటి జాలరిపల్లె, అఖాతానికి అవతలి ఒడ్డునే ఉంది. పెళ్లిబల్లల దగ్గరి కొండెక్కితే గాల్వే తీరం కనబడుతుంది.

ఇంతా చేసి వాన వస్తే? వస్తుంది, రానీ! పెళ్లికి ముందురాత్రి ‘చైల్డ్ ఆఫ్ ప్రాగ్’ బాలక్రీస్తు ప్రతిమను ఇంటి బయట, కంచె కింద, ఉంచడం ఐరిష్ ఇళ్ల ఆచారం. తెల్లారి వాతావరణం తేటపడాలని. ఉంచండి, భక్తిగా ఉంచండి. అయినా చినుకు పడితే బర్రెన్ మిమ్మల్ని నిరాశపరచదు. తడిసిన సున్నపురాయి నల్లని నీలమవుతుంది.  నీరు నిలవదు, పగుళ్లలోంచి పాతాళానికి జారిపోతుంది. మేఘం తొలగిందా, ఎండ తాకిన కొండ మెల్లగా వెండి అవుతుంది, గోర్స్ పూల కొబ్బరి వాసన లేస్తుంది. నల్లని రాయి, నీలిరాయి, వెండిరాయి! ఏ దీపాల నిపుణుడు ఇంత వెలుగునాటకం నడపగలడు? ఆ రోజుల్లో సూర్యాస్తమయం దాదాపు రాత్రి తొమ్మిదికి. పొద్దు వాలుతూ వాలుతూ వాలనంటూ, గంటల తరబడి బంగారాన్ని పరుస్తూనే ఉంటుంది. దానికి పోటీగా ఒక్క విద్యుద్దీపమూ వెలిగించకండి.

సంగీతానికి ఇలెన్ పైప్స్. మోచేతి కింద తిత్తి, ఒడిలో గొట్టాలు; కూర్చుని వాయించే ఈ వాద్యాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. వధువు నడిచివచ్చే వేళ ఒక నిదానమైన స్వరగతి, తాళం లేని ఆలాపన. నీటిజాడలా సాగే అడుగుస్వరం మీద పాట మెల్లగా లేస్తుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది. ఆగినచోట కొండ మీది లార్క్ పిట్ట అందుకుంటుంది. తర్వాత హార్ప్. చూపు లేని వైణికుడు టర్లో ఓకారలన్ (1670–1738) ఇల్లిల్లూ తిరిగి ఆతిథ్యమిచ్చినవాళ్ల పేర స్వరాలు కట్టాడు. ఆయన వచ్చేదాకా పెళ్లిళ్లు ఆపి కూర్చునేవారట. ఆపరా మరి! వేళ్లతో వెన్నెల మీటేవాడి కోసం ఏ ముహూర్తమైనా ఒక గడియ జరుగుతుంది.

విందు చిన్నదే, కానీ ఋతువంతా పళ్లెంలో ఉండాలి: అఖాతపు ఆయిస్టర్లు, అడవి వెల్లుల్లి ఆకుల పచ్చని వాసన, సోడా రొట్టె మీద పసుపుపచ్చని వెన్న, కొండ మీద మేసిన గొర్రెపిల్ల మాంసం. చాలు. ఎందుకంటే రాత్రికి కాళ్లు తేలిగ్గా ఉండాలి. నాట్యానికి, నేలంతా లిస్కానర్ పలకలు పరిచి ఉన్న కొట్టమొకటి దగ్గరలో చూసుకోవాలి. ఆ రాతి మీద కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవులు పాకిన జాడలు మెలికలు మెలికలుగా గడ్డకట్టి ఉంటాయి. వాటి మీద ఇప్పుడు బూట్లు మోగుతాయి! ఫిడేల్, కాన్సర్టినా అందుకోగానే ఎనిమిది మంది చొప్పున జతలుగా నిలుస్తారు. క్లేర్ మురిపెంగా తన సొంతం చేసుకున్న కాలెడోనియన్ సెట్ నృత్యం మొదలవుతుంది. మడమ రాతిని కొడుతుంది, రాయి మడమకు బదులిస్తుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకోవాలి. గడ్డి టోపీలు ముఖాల మీదికి దించుకుని, ఒంటికి గడ్డి చుట్టుకుని, పిలవని పేరంటంగా గడ్డిబాలురు దూసుకువస్తారు! స్ట్రాబాయ్స్ అంటారు వీళ్లను. పాత పెళ్లిళ్లలో వీళ్లు రావడమే శుభం. నాయకుడు వధువుతో ఓ నృత్యం చేస్తాడు, మిగతావాళ్లు పెద్దమ్మలను, తాతయ్యలను కూడా లేపి ఆడిస్తారు, ఎంత గోలగా వచ్చారో అంత గోలగా చీకట్లోకి వెళ్లిపోతారు. ఎవరన్నది తెలియదు, తెలియనక్కర్లేదు. ఆహా, ఆ గడ్డిపోచల పరుగులో పంటపొలమే లేచి పెళ్లికి వచ్చినట్టుంటుంది!

ఇంకొక్క ముచ్చట మిగిలింది. ఏప్రిల్ 30 సాయంత్రం మే పండుగ ముందురేయి. ఆ రేయి ‘మంచివాళ్లు’ తిరుగుతారని, పల్లెపిల్లలు ప్రిమ్‌రోజ్, గోర్స్ వంటి పసుపుపూలు తెచ్చి గడపల ముందు చల్లేవారు. ఇంటికీ పాడికీ రక్ష అని. ఇవి పెరటి పూలు, కంచె పూలు. ఐర్లండ్ ఆచారమే వీటిని చేతికిచ్చింది. కొత్త జంట బస చేసే ఇంటి గుమ్మంలో ఆ పూలు గుప్పెడు చల్లండి. గడపకు పసుపు రాసే ఇళ్లనుంచి వచ్చిన మనకు ఆ రంగు ఎందుకక్కడుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇలాంటి పెళ్లి చేయదలచినవాళ్లకు నా విన్నపం ఒక్కటే. అలంకరణకు దాచిన సొమ్ములో పెద్దభాగం లేసు అల్లే చేతులకు, వాద్యం పట్టే వేళ్లకు, దూరం నుంచి వచ్చే ముసలివాళ్ల సుఖప్రయాణానికి మళ్లించండి. ముందు ఏడాది వసంతంలో ఒకసారి వెళ్లి ఆ బండల మీద తీరిగ్గా నడవండి. ఏ మూల ఏ పువ్వు పూస్తుందో, ఏ వేళ ఏ గోడ మీద వెలుగు పడుతుందో కళ్లారా నేర్చుకోండి. ఆ తర్వాత మీ ప్రణాళికలోంచి ఒక్కొక్క అలంకారాన్నే కొట్టివేస్తూ పోండి. ఇక కొట్టివేయడానికేమీ మిగలని రోజున పెళ్లి సిద్ధమైనట్టు!